తమ్ముడి విమానాల చదువుకి నేను దాచుకున్నదంతా పెట్టేయాలా?

గుణుపూర్ దగ్గర్లోని ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు, ఉత్తరం పెద్దది కాబట్టి కుదించి చెబుతున్నాను. రాసినావిడకి 27 ఏళ్లు, బరంపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. నాన్న పోయి నాలుగేళ్లయింది. ఇంటి దగ్గర అమ్మ, 18 ఏళ్ల తమ్ముడు. తమ్ముడు పదో తరగతి దాకా ఒడియా మీడియం, తర్వాత ప్లస్ టూ సైన్స్, లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీల్లో 60 శాతం దాటాయి, ఇంజినీరింగ్ ఎంట్రన్స్ మాత్రం కలిసిరాలేదు. ఈలోగా పార్వతీపురంలో ఉండే దూరపు బంధువు ఒకాయన ఒక కన్సల్టెన్సీ మనిషిని ఇంటికి తీసుకొచ్చాడు. విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ అట, రెండేళ్ల కోర్సు, ఫీజు 6 లక్షల 80 వేలు, హాస్టలు వేరే. ఆన్‌లైన్‌లో ఏదో ఎంట్రన్స్ రాయించి మంచి ర్యాంకు వచ్చింది, 20 శాతం స్కాలర్‌షిప్ ఇస్తాం, నెలాఖరులోగా 30 వేలు అడ్వాన్సు కట్టకపోతే సీటు పోతుంది అన్నారట. కోర్సు అయిపోగానే ఉద్యోగం గ్యారంటీ, పైగా భోగాపురం విమానాశ్రయం పక్కనే కదా అన్నారట.

ఆవిడ దగ్గర దాచుకున్న 6 లక్షలు ఉన్నాయి, అవి తన పెళ్లి కోసం. పాలకొండ వైపు సంబంధం ఒకటి మాటల్లో ఉంది, వాళ్లు 4 లక్షలు ఆశిస్తున్నారు. అమ్మది ఒకటే పట్టు: "గుంటడు ఒక దారిన పడితే నీ పెళ్లి వాడే చేస్తాడు." ఆవిడ అడిగినవి ఇవి: ఈ కోర్సు నిజమైనదేనా, ఏ స్కూలు మంచిది, తర్వాత ఉద్యోగం వస్తుందా, సునాబేడాలో హెచ్ఏఎల్ (విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఏరోనాటిక్స్) ఉండగా ఇంత దూరం పంపాలా, తమ్ముడికి కళ్లజోడు ఉంది పనికొస్తాడా, నేను కాదంటే స్వార్థం అవుతుందా.

చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను. కాదు. ఆరేళ్లుగా నైట్ డ్యూటీలు చేసి ఇల్లు నడిపిన మనిషి తన డబ్బు గురించి ఒక ప్రశ్న అడిగితే దానికి ఆ పేరు పెట్టక్కర్లేదు. ఇక అసలు విషయం.

కోర్సు నిజమైనదే, ఆ పని మంచి పనే. కానీ మీకు చెప్పిన లెక్కలో సగం కాలం మాయమైపోయింది. మీరు నర్సు కాబట్టి మీకు తేలిగ్గా అర్థమవుతుంది: కాలేజీలో చదువు అయిపోయినంత మాత్రాన ఎవరూ రోగి పక్కన సొంత బాధ్యత మీద నిలబడరు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇక్కడ కూడా అంతే. స్కూలు ఇచ్చేది సర్టిఫికెట్. విమానం ఎగరడానికి సిద్ధంగా ఉందని సంతకం పెట్టే హక్కు ఇచ్చేది డీజీసీఏ, అంటే కేంద్ర ప్రభుత్వ పౌర విమానయాన డైరెక్టరేట్ ఇచ్చే లైసెన్సు. ఆ లైసెన్సుకి రెండు కావాలి. ఒకటి, మాడ్యూల్ పరీక్షలు, అంటే సబ్జెక్టు వారీగా పెట్టేవి: పదికి పైగా ఉంటాయి, ఒక్కొక్కదాంట్లో 75 శాతం వస్తేనే పాస్, అన్నీ ఇంగ్లీషులోనే. రెండు, నిజంగా ఎగురుతున్న విమానాల మీద పని చేసిన అనుభవం. అనుమతి ఉన్న స్కూల్లో చదివినవాళ్లకి పెద్ద జెట్ విమానాల లైసెన్సు కోసం ఆ అనుభవం రెండేళ్లు ఉండాలి. స్కూల్లో షెడ్డులో పెట్టిన పాత విమానం మీద చేసింది దీని కిందికి రాదు. చేసిన ప్రతి పనీ లాగ్‌బుక్కులో రాసి, లైసెన్సు ఉన్న ఇంజినీరు చేత సంతకం పెట్టించుకోవాలి.

అంటే రెండూ రెండూ నాలుగేళ్లు, అదీ పరీక్షలన్నీ మొదటిసారే గట్టెక్కితే. నాలుగున్నర, ఐదు అనుకోండి. లైసెన్సు వచ్చాక కూడా ఇంకో మెట్టు ఉంది, దాన్ని టైప్ రేటింగ్ అంటారు. ఎయిర్‌బస్ ఏ320 మీద సంతకం పెట్టాలంటే ఆ విమానం మీద ప్రత్యేకంగా శిక్షణ తీసుకుని, అది లైసెన్సులో ఎక్కాలి. దానికి కూడా లక్షల్లోనే ఖర్చు. కొన్ని కంపెనీలు తామే చేయించి ఇన్నేళ్లు మా దగ్గరే పనిచేయాలని బాండు రాయించుకుంటాయి. మంచి జీతాల గురించి మీకు ఎవరైనా చెప్పారంటే అది ఈ మెట్టు ఎక్కినవాళ్ల జీతం. రెండేళ్ల కోర్సు అయిన మర్నాడు దొరికేది ట్రైనీ స్టైపెండు, అదీ దొరికితే. కొన్ని చోట్ల ఆ ప్రాక్టికల్‌కి కూడా పిల్లలే ఎదురు డబ్బు కట్టాల్సి వస్తోంది.

అందుకని స్కూలు ఎంచుకునేటప్పుడు నేనైతే ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాను: మూడో ఏడూ నాలుగో ఏడూ మా పిల్లాడు ఏ హ్యాంగర్‌లో, అంటే విమానాలు నిలిపి బాగుచేసే ఏ షెడ్డులో ఉంటాడు? బిల్డింగు, ఏసీ క్లాసురూము, గేటు దగ్గర నిలబెట్టిన చిన్న విమానం, ఇవన్నీ ఫొటోలకి బాగుంటాయి. అడగాల్సింది పోయినేడు బయటికెళ్లిన బ్యాచ్ గురించి. ఎంతమంది చేరారు, ఎంతమంది అన్ని మాడ్యూళ్లూ పాసయ్యారు, ఎంతమంది ఏ మెయింటెనెన్స్ సంస్థలో ప్రాక్టికల్‌లో ఉన్నారు. ఆ సంస్థకి సీఏఆర్-145 అనుమతి (విమానాలు బాగుచేసే సంస్థలకి డీజీసీఏ ఇచ్చేది) ఉండాలి, స్కూలుతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి, ఆ కాగితం చూపించమనండి. "టై-అప్స్ ఉన్నాయి" అనే మాటకి విలువ లేదు. ఆ బ్యాచ్ పిల్లలు నలుగురి ఫోన్ నంబర్లు ఇవ్వమనండి, స్కూలు ఎంచి ఇచ్చిన నలుగురితో పాటు వాళ్ల ద్వారా ఇంకో ఇద్దరిని పట్టుకోమనండి మీ తమ్ముడిని.

స్కూలుకి సీఏఆర్-147 అనుమతి (ఈ కోర్సు నేర్పే స్కూళ్లకి డీజీసీఏ ఇచ్చేది) ఉందా లేదా అన్నది డీజీసీఏ వెబ్‌సైటులో జాబితా చూస్తే తెలిసిపోతుంది. అందులో పేరు ఉండటంతో ఆగిపోకండి, ఏ కేటగిరీకి అనుమతి ఉందో చూడండి. బీ1.1 అంటే టర్బైన్ ఇంజిన్ విమానాల మెకానికల్ వైపు, ఎయిర్‌లైన్లలో ఎక్కువమంది కావాల్సింది వీళ్లే. బీ2 అంటే ఏవియానిక్స్, అంటే రేడియో, నావిగేషన్, ఎలక్ట్రానిక్స్. బీ1.2 అంటే పిస్టన్ ఇంజిన్ చిన్న విమానాలు, వాటి మీద ఉద్యోగాలు తక్కువ. కొన్ని స్కూళ్లకి ఒక కేటగిరీకే అనుమతి ఉంటుంది, బ్రోచర్‌లో మాత్రం అన్నీ కలిపి "ఏఎంఈ" (ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్) అని రాస్తారు. ఇక బీఎస్సీ ఏవియేషన్, బీబీఏ ఏవియేషన్, ఎయిర్‌పోర్టు మేనేజ్‌మెంట్ డిప్లొమా లాంటివి వేరే వస్తువులు, వాటితో ఈ లైసెన్సు రాదు. లైసెన్సు కోర్సుతో పాటు ఏదైనా యూనివర్సిటీ బీఎస్సీ కూడా కలిపి ఇచ్చే స్కూళ్లు ఉన్నాయి, అలాంటిది దొరికితే నాకు ఇష్టమే, ఒకవేళ విమానాలు కలిసిరాకపోయినా చేతిలో డిగ్రీ ఉంటుంది.

ఆ ఎంట్రన్సూ ర్యాంకూ సంగతి. ఈ కోర్సులో చేరడానికి డీజీసీఏ ఏ ఎంట్రన్సూ పెట్టదు. ప్లస్ టూలో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉంటే చాలు, మూడేళ్ల ఇంజినీరింగ్ డిప్లొమా ఉన్నా సరే. కాబట్టి మీవాడి ర్యాంకు ఒక ప్రైవేటు ర్యాంకు, ఆ 20 శాతం తగ్గింపు ఫీజు ముందే పెంచి తగ్గించిందేమో చూసుకోండి. స్కూలుకి నేరుగా ఫోన్ చేసి, కన్సల్టెన్సీ పేరు ఎత్తకుండా, ఫీజెంత అని అడగండి. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ బంధువుగారి కమిషన్ కూడా కనబడొచ్చు. నెలాఖరు గడువు గురించి నేను నిద్ర పాడుచేసుకోను. ఈ 30 వేలు ఇప్పుడు కట్టకండి.

భోగాపురం మాట వింటే నాకు కొంచెం నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చింది. కొత్త విమానాశ్రయం వస్తే టాక్సీలకి, హోటళ్లకి, సామాను మోసే కంపెనీలకి పని పెరుగుతుంది. విమానం బాగుచేసే పని అలా పెరగదు. మామూలు విమానాశ్రయంలో జరిగేది లైన్ మెయింటెనెన్స్: దిగిన విమానాన్ని చూసి మళ్లీ పంపడం, దానికి ఒక్కో ఎయిర్‌లైన్‌కి కొద్దిమంది చాలు, వాళ్లు కూడా లైసెన్సు, టైప్ రేటింగ్ ఉన్నవాళ్లు. ఎక్కువమందికి, ముఖ్యంగా కొత్తవాళ్లకి పని ఉండేది పెద్ద చెక్‌లు జరిగే హ్యాంగర్లలో. మీకు దగ్గర్లో అలాంటివంటే శంషాబాద్‌లో జీఎంఆర్ ఏరో టెక్నిక్ ఉంది, నాగపూర్ మిహాన్‌లో ఏఐ ఇంజినీరింగ్ సర్వీసెస్ హ్యాంగర్ ఉంది, ఇంకా కిందికి వెళ్తే హోసూరు, తిరువనంతపురం. ఇవి కాక ఢిల్లీ, ముంబై. మీవాడు గుణుపూర్ నుంచి రాత్రి బండెక్కి పొద్దున్న డ్యూటీకి వెళ్లే ఉద్యోగం ఇది కాదని అమ్మకి కూడా తెలియాలి. షిఫ్టులు ఉంటాయి, రాత్రి పని ఎక్కువ, ఎందుకంటే విమానాలు పగలు ఎగురుతాయి.

ఉద్యోగాలు ఉంటాయా అంటే, ఉంటాయి. ఇండిగో 2023లో ఒక్కసారే 500 విమానాలకి ఆర్డరిచ్చింది, ఎయిర్ ఇండియా అదే ఏడాది 470కి ఇచ్చింది. అవన్నీ ఎవరో ఒకరు చూసుకోవాలి కదా. కానీ ఇదే రంగంలో 2012లో కింగ్‌ఫిషర్ ఆగింది, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగింది, 2023 మే నెలలో గో ఫస్ట్ ఆగింది. ఒక కంపెనీ ఆగినప్పుడు అనుభవం, లైసెన్సు ఉన్నవాళ్లు వందల్లో బజార్లోకి వస్తారు, అప్పుడు ముందు తలుపు మూసుకునేది కొత్తగా బయటికొచ్చిన పిల్లలకే. ఈ రంగంలో గ్యారంటీ అన్న మాట ఎవరు వాడినా వాళ్ల చేత అది కాగితం మీద రాయించండి, ఉద్యోగం ఇవ్వకపోతే ఎంత వాపసు ఇస్తారో కూడా రాయించండి. రాయరు.

ఇప్పుడు డబ్బు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే, ఎందుకంటే మీ 6 లక్షలూ మొదటి రెండేళ్లలోనే అయిపోతాయి, అసలు గట్టిగా కావాల్సింది మూడో ఏడు నుంచి. అప్పటికి మీ దగ్గర ఏమీ ఉండదు, మీవాడు పరాయి ఊళ్లో చిన్న స్టైపెండు మీదో, అదీ లేకుండానో ఉంటాడు, గది అద్దె, తిండి, పరీక్ష ఫీజులు నెలనెలా వస్తాయి. సగం దారిలో డబ్బులేక ఆగిపోయిన పిల్లాడి చేతిలో ఏమీ ఉండదు, లైసెన్సు ఉండదు, డిగ్రీ ఉండదు. ఏ దారి ఎంచుకున్నా ఐదేళ్ల లెక్క వేసి మొదలుపెట్టండి.

బ్యాంకు అప్పు ఒక దారి. డీజీసీఏ అనుమతి ఉన్న కోర్సులకి విద్యారుణం ఇవ్వొచ్చని బ్యాంకుల నమూనా పథకంలోనే ఉంది, ప్రభుత్వం బ్యాంకుకి హామీగా ఉండే క్రెడిట్ గ్యారంటీ కింద 7.5 లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా ఇస్తారు. మీది ఒడిశా నివాసం కాబట్టి ఆంధ్రా ఫీజు రీయింబర్స్‌మెంట్ లాంటివి మీకు రావు, ఆ ఆశ ఎవరైనా పెడితే పట్టించుకోకండి. అప్పు తీసుకుంటే కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు ఉండవు. గమనించండి, రెండేళ్ల కోర్సుకి అంటే మూడేళ్లే. వాయిదాలు మొదలయ్యే రోజుకి మీవాడు ఇంకా ప్రాక్టికల్‌లోనే ఉంటాడు. 6.5 లక్షలు తీసుకుని వడ్డీ పదిన్నర శాతం అనుకుంటే, అప్పటికి చేరిన వడ్డీతో కలిపి, పదేళ్లలో తీర్చాలంటే నెలకి 11 వేల దగ్గర పడుతుంది. 4 లక్షలే తీసుకుంటే 7 వేల దగ్గర. అమ్మకి ఆదాయం లేదు కాబట్టి సహ రుణగ్రహీతగా మిమ్మల్నే సంతకం అడుగుతారు. ఆ సంతకం మీతో పాటు అత్తవారింటికి కూడా వస్తుంది, పెళ్లికి ముందే ఆ అబ్బాయికి చెప్పాల్సిన విషయం అది.

నా లెక్క ఏమిటంటే, మీరు ఇవ్వగలిగితే ఒక అంకె ముందే తేల్చి, రెండు లక్షలు అనుకోండి, అంతే ఇస్తానని చెప్పండి, అదీ స్కూలు ఫీజుకి కాకుండా ఆ మూడో నాలుగో ఏళ్ల ఖర్చుకి పక్కన పెట్టండి. ఫీజు అప్పు మీద నడవాలి, ఆ అప్పు తమ్ముడి పేరు మీద ఉండాలి. ఇలా చేస్తే మీ పెళ్లి ఆగదు, వాడు కూడా నాది అన్న బరువుతో చదువుతాడు. పూర్తిగా ఇవ్వకూడదనుకున్నా తప్పు లేదు, అప్పుడు వాడు ఇంకో దారి వెతుక్కుంటాడు, ఇంట్లో కొన్నాళ్లు ముఖాలు మాడతాయి. మొత్తం ఇచ్చేస్తే? సంబంధం వాయిదా పడుతుంది, ఇంకా ముఖ్యంగా వాడు మాడ్యూల్ ఒకటి ఫెయిలైన ప్రతిసారీ మీకు మీ పెళ్లి గుర్తొస్తుంది, వాడికీ గుర్తొస్తుంది. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ల మధ్య అలాంటి బాకీ తీరేది కాదు. (ఆ పాలకొండ వాళ్లు ఆశిస్తున్న 4 లక్షల మీద నాకు వేరే అభిప్రాయం ఉంది. దాని గురించి విడిగా రాయండి, మాట్లాడుకుందాం.)

సునాబేడా గురించి అడిగారు. అక్కడ హెచ్ఏఎల్ ఇంజిన్ డివిజన్ 1964 నుంచి ఉంది, సుఖోయ్-30 ఇంజిన్లు అక్కడే తయారవుతాయి, ఓవర్‌హాల్ అవుతాయి. మన వైపు పిల్లలకి అది పెద్ద చిరునామానే. కానీ అది యుద్ధవిమానాల ఇంజిన్ ఫ్యాక్టరీ, అక్కడికి పోవాలంటే ఫిట్టర్, మెషినిస్ట్, టర్నర్ లాంటి ఐటీఐ చేసి అప్రెంటిస్‌గా వెళ్లాలి, లేదా డిప్లొమా. అప్రెంటిస్ అయినంత మాత్రాన పర్మినెంట్ కాదు, అయినా ఖర్చు దాదాపు లేకుండా చేతికి మంచి పని వస్తుంది, ఆ పేరు ఏ వర్క్‌షాపులోనైనా పనికొస్తుంది. రాయగడలో పాలిటెక్నిక్ మెకానికల్ చేయడం ఇంకో మధ్యదారి: ఫీజు తక్కువ, మూడేళ్ల తర్వాత కూడా విమానాల మీద మోజు ఉంటే అప్పుడు ఆ డిప్లొమాతోనే సీఏఆర్-147 స్కూల్లో చేరొచ్చు, లేకపోతే ఫ్యాక్టరీలు ఉండనే ఉన్నాయి. కాలం ఎక్కువ పడుతుంది, అదొక్కటే దీనికి లోటు. ఎయిర్‌ఫోర్స్ అగ్నివీర్ వాయు కూడా ఉంది, పదిహేడున్నర నుంచి ఇరవై ఒకటి లోపు వయసు, నాలుగేళ్లు, ఆ తర్వాత పాతిక శాతం లోపు మందిని ఉంచుకుంటారు, మిగతావాళ్లకి సుమారు 10 లక్షల సేవా నిధి ఇస్తారు. ఆ డబ్బుతో అప్పుడు వాడే తన ఫీజు కట్టుకోవచ్చు. శరీరం సహకరిస్తుందా, వాడికి ఇష్టమేనా అన్నది వాడు చెప్పాలి.

ఇంత పెద్ద ఉత్తరంలో మీ తమ్ముడి మాట ఒక్కటీ లేదు, గమనించారా? అమ్మ ఏమంది, బంధువు ఏమన్నాడు, కన్సల్టెన్సీ ఏమన్నాడు, అన్నీ ఉన్నాయి. వాడికి స్క్రూడ్రైవర్ పట్టుకోవడం ఇష్టమా? ఊళ్లో బైక్ ఆగితే విప్పి చూసే రకమా, లేక విమానం అన్న మాటే నచ్చిందా? ఒక పరీక్ష పెట్టండి. బేసిక్ ఏరోడైనమిక్స్ మాడ్యూలు, హ్యూమన్ ఫ్యాక్టర్స్ మాడ్యూలు పుస్తకాలు ఇంగ్లీషులో దొరుకుతాయి, సెకండ్ హ్యాండ్ అయినా సరే. నెల రోజులు కూర్చుని చదవమనండి. ఒడియా మీడియంలో చదివిన పిల్లాడికి ఇంగ్లీషు పుస్తకం మొదట్లో కష్టమే, అది పెద్ద అడ్డంకి కాదు, నెల తర్వాత పది పేజీలు తనంతట తను చదివి మీకు తెలుగులో చెప్పగలిగితే ముందుకెళ్లొచ్చు. విమానం దగ్గర ప్రతి పనీ ఇంగ్లీషు మాన్యువల్ చూసి చేయాల్సిందే, గుర్తుంది కదా అని చేయడానికి లేదు. నెలలో పుస్తకం తెరవకపోతే దానికి మించిన జవాబు నేనివ్వలేను. స్కూళ్లకి ఫోన్లు చేయడం, పాత విద్యార్థులతో మాట్లాడటం, బ్యాంకుకి వెళ్లడం కూడా వాడే చేయాలి. మీరు ఆస్పత్రి నుంచి అలసిపోయి వచ్చి ఇవన్నీ చేసి పెట్టకండి.

అమ్మతో మాట్లాడేటప్పుడు "ఇవ్వను" అని మొదలుపెట్టకుండా ఐదేళ్ల ఖర్చు ఒక తెల్ల కాగితం మీద రాసి, ఏ ఏడు ఎంత, ఎవరి దగ్గర నుంచి అని కూడా రాసి చూపించండి. ఆవిడకి చెప్పింది రెండేళ్లు కాబట్టి ఆవిడ లెక్క అలా ఉంది, అందులో ఆవిడ తప్పేమీ లేదు.

కళ్లజోడు ఉంటే ఏమీ ఫర్వాలేదు, పైలట్లకి ఉండే మెడికల్ ఇక్కడ లేదు. రంగులు సరిగ్గా కనబడుతున్నాయా లేదా అన్నది మాత్రం చూస్తారు, వైర్లకి రంగులుంటాయి కాబట్టి. మీ ఆస్పత్రిలోనే కంటి డాక్టరుంటే ఇషిహారా పుస్తకం చూపించి ఐదు నిమిషాల్లో తేల్చేస్తారు. బరంపురం వచ్చినప్పుడు తమ్ముడిని తీసుకెళ్లి చూపించండి, మిగతా పనులన్నిటికంటే ముందు.